భార్యాభర్తల గ్రీన్‌కార్డు: షేక్‌పేటలో మొదలయ్యే ఫైలు

అమెరికా పౌరుడిని పెళ్లాడిన హైదరాబాద్ అమ్మాయికి అక్కడ శాశ్వత నివాసం దొరకాలంటే ముందుగా దాఖలయ్యేది ఐ-130 అనే ఫారం. దీన్ని వేయవలసింది అమ్మాయి కాదు, భర్త. ఫలానా స్త్రీ తన భార్య అని, ఆ పెళ్లి చట్టం ప్రకారం చెల్లేదని, కాపురం చేయడానికే చేసుకున్నదని అక్కడి వలస శాఖకు రుజువు చేయవలసిన బాధ్యత అతనిదే. ఫారం నింపేది డాలస్‌లోనో న్యూజెర్సీలోనో అయినా, దానికి జతచేసే కాగితాల్లో చాలా భాగం ఇక్కడే పుడతాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్‌లతో కలిసిన షేక్‌పేట మండలంలో పెరిగిన అమ్మాయినే తీసుకుంటే, ఆమె ఫైలులో జీహెచ్‌ఎంసీ జనన ధ్రువీకరణ పత్రం, టెన్త్ మెమో, సబ్‌రిజిస్ట్రార్ ఇచ్చిన పెళ్లి సర్టిఫికెట్, పాస్‌పోర్టు ఆఫీసు ఇచ్చిన పోలీసు క్లియరెన్స్ ఉంటాయి. ఫారాలు నింపడం కొన్ని రోజుల పని. ఈ నాలుగు కాగితాలూ ఒకే మనిషి గురించి ఒకే మాట చెప్పేలా చూసుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది. అందుకే శుభలేఖలు అచ్చుకిచ్చే రోజుల్లోనే ఈ పని మొదలుపెట్టాలి.

దరఖాస్తు ఏ దారిలో వెళుతుందో ముందు తెలుసుకోవాలి. భర్త లేదా భార్య అమెరికా పౌరులైతే, వారి జీవిత భాగస్వామిని అక్కడి చట్టం అతి సమీప బంధువుగా లెక్కిస్తుంది. ఈ తరగతికి ఏటా ఇన్ని వీసాలే అన్న పరిమితి లేదు కాబట్టి, పట్టే కాలమంతా కాగితాల పరిశీలనకే పడుతుంది. భర్తకు గ్రీన్‌కార్డు మాత్రమే ఉంటే దరఖాస్తు ఎఫ్2ఏ అనే వరసలోకి వెళుతుంది. అక్కడ వీసాలకు పరిమితి ఉంది, వరస ఉంది. మధ్యలో భర్తకు పౌరసత్వం వస్తే భార్య వరస నుంచి బయటపడుతుంది. అయితే అప్పటిదాకా ఆమె దరఖాస్తులోనే కలిసి ఉన్న పిల్లలకు విడిగా ఐ-130 వేయవలసి వస్తుంది. ఈ సంగతి తెలియక పిల్లల విషయంలో ఇబ్బంది పడే కుటుంబాలు ఉంటాయి.

హెచ్1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసేవారిది మూడో దారి. కంపెనీ వేసిన గ్రీన్‌కార్డు దరఖాస్తులో భార్య కూడా భాగస్వామి అవుతుంది. భారత్‌లో పుట్టినవారికి ఆ వరస ఏళ్ల తరబడి సాగుతోందని తెలుగు ఇళ్లలో అందరికీ తెలుసు. అంతగా తెలియని విషయం ఒకటుంది. ఆ వరసను నిర్ణయించేది పౌరసత్వం కాదు, పుట్టిన దేశం. దంపతులలో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఇద్దరూ ఆ దేశపు వరసలో నిలబడవచ్చు. టోలిచౌకి, షేక్‌పేట ప్రాంతాల్లో తల్లిదండ్రులు గల్ఫ్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో కువైట్‌లోనో సౌదీలోనో దుబాయ్‌లోనో పుట్టినవారు ఎందరో ఉన్నారు. వారు భారత పౌరులే అయినా, వారి జనన పత్రం మీదున్న ఊరి పేరు జీవిత భాగస్వామి నిరీక్షణను కూడా ఏళ్లకేళ్లు తగ్గించగలదు. సంబంధం మాట్లాడుకునేటప్పుడు జాతకంలో చూసే పుట్టిన ఊరు ఇక్కడ చట్టపరంగానూ లెక్కకొస్తుంది.

ఏ దారిలో వెళ్లినా మొదటి కాగితం పెళ్లి సర్టిఫికెట్. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే వివాహాల తప్పనిసరి రిజిస్ట్రేషన్ చట్టం చేసింది. 2006లో సీమా కేసులో సుప్రీంకోర్టు అన్ని మతాల పెళ్లిళ్లనూ రిజిస్టర్ చేయించాలని రాష్ట్రాలను ఆదేశించింది. అయినా ఇప్పటికీ చాలా ఇళ్లలో వీసా అవసరం పడ్డాకే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు గుర్తుకొస్తుంది. హిందువుల పెళ్లి 1955 నాటి హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ అవుతుంది. శుభలేఖ, పెళ్లి ఫొటో, ఇద్దరి వయసు, చిరునామా రుజువులు తీసుకుని సాక్షులతో కలిసి దంపతులిద్దరూ స్వయంగా వెళ్లాలి. వేర్వేరు మతాలవారు చేసుకునే పెళ్లికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. అందులో 30 రోజుల నోటీసు తప్పదు కాబట్టి, రెండు వారాల సెలవు మీద వచ్చే వరుడు ఈ గడువును ముందే లెక్కలో పెట్టుకోవాలి. షేక్‌పేటలో ముస్లిం కుటుంబాలు ఎక్కువ. వారి దగ్గర ఖాజీ ఇచ్చే నిఖానామా ఉర్దూలో ఉంటుంది. దాన్ని పూర్తిగా ఇంగ్లీషులోకి అనువదించి, ఆ అనువాదం పూర్తిదనీ సరైనదనీ తనకు రెండు భాషలూ వచ్చుననీ అనువాదకుడు సంతకంతో ధ్రువీకరించాలి. తెలుగులో ఉన్న పంచాయతీ పత్రాలకైనా ఇదే నియమం. గుడిలో పెళ్లి జరిగిందని దేవస్థానం ఇచ్చే రశీదు తోడు రుజువుగా పనికొస్తుంది కానీ సర్టిఫికెట్ బదులు చెల్లదు.

పెళ్లి తేదీ దగ్గరే తెలుగువారి ఫైళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. ముహూర్తం శనివారం రాత్రి రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు అయితే, శుభలేఖలో శనివారం అనే వేస్తారు, తెల్లవారితే ఆదివారం అని పక్కన రాస్తారు. మన లెక్కలో సూర్యుడు ఉదయించే వరకూ అది శనివారమే. ఇంగ్లీషు క్యాలెండరులో జీలకర్ర బెల్లం పెట్టింది, తాళి కట్టింది ఆదివారం. సబ్‌రిజిస్ట్రార్ దరఖాస్తులో ఒక తేదీ, శుభలేఖ అనువాదంలో ఇంకో తేదీ, ఐ-130లో భర్తకు గుర్తున్న తేదీ పడితే, చూసే అధికారికి ఒకే పెళ్లికి రెండు తేదీలు కనిపిస్తాయి. సర్టిఫికెట్‌లో పడిన తేదీనే ప్రతి ఫారంలోనూ వాడి, శుభలేఖ అనువాదం కింద ముహూర్తం అర్ధరాత్రి దాటాక అని ఒక వాక్యం చేర్చితే ఆ సందేహానికి తావుండదు.

పేర్ల సంగతి ఇంతకంటే పెద్దది. ఇంటిపేరు పోతుల, పేరు వెంకట సత్యవతి అనుకుందాం. టెన్త్ మెమోలో పి.వి. సత్యవతి అని ఉంటుంది. ఆధార్‌లో పోతుల వెంకట సత్యవతి. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి పేరంతా ఒకే గడిలో రాసి ఉండవచ్చు. పెళ్లయ్యాక బ్యాంకు ఖాతాలో భర్త ఇంటిపేరు చేరుతుంది. ఊళ్లో ఎవరికీ సందేహం రాదు, కానీ కంప్యూటరుకు వీరు నలుగురు. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్లి, అసలు పేరు ఉండవలసిన చోట ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అనే మూడక్షరాలు పడతాయి. అవి తర్వాత సోషల్ సెక్యూరిటీ కార్డు మీదా డ్రైవింగ్ లైసెన్సు మీదా వెంటాడతాయి. అందువల్ల ఐ-130 వేయకముందే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేలా సరిచేయించుకోవడం మేలు. పెళ్లి తర్వాత ఇంటిపేరు మార్చుకోవాలన్న నియమం భారత్‌లోనూ అమెరికాలోనూ లేదు. మార్చుకుంటే అన్ని కాగితాల్లోనూ మార్చాలి, లేదంటే పుట్టింటి పేరుతోనే కొనసాగాలి. సగం మార్చి సగం వదిలేయడమే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పాత కాగితాల్లో మిగిలిన తేడాలకు, ఈ పేర్లన్నీ ఒకరివే అని నోటరీ అఫిడవిట్ జతచేయవచ్చు. ఫారంలో ఇతర పేర్లు అడిగే గడిలో ఆ రూపాలన్నీ రాయాలి.

జనన ధ్రువీకరణ పత్రం దగ్గర చాలామంది నెలలు పోగొట్టుకుంటారు. తొలి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారం వల్ల, హైదరాబాద్‌లో పెరిగిన ఎందరో నిజానికి అమ్మమ్మగారి ఊళ్లో పుట్టినవారు. పాస్‌పోర్టులో హైదరాబాద్ అని, పంచాయతీ రిజిస్టరులో మరో ఊరు అని ఉంటుంది. ఆసుపత్రి పంపిన వివరాల్లో బిడ్డ పేరు లేకుండానే పత్రం జారీ కావడమూ మామూలే, ఎందుకంటే నామకరణం నాటికి నమోదు అయిపోతుంది. బడిలో వేసేటప్పుడు వయసు సరిపోవడానికి తేదీ కాస్త ముందుకో వెనక్కో జరిపి రాయించిన ఇళ్లు కూడా ఉన్నాయి. పేరు లేని పత్రంలో పేరు చేర్పించుకోవడానికి జీహెచ్‌ఎంసీలోనూ మీసేవలోనూ వీలుంది. పుట్టుక అసలు నమోదు కానివారు రికార్డు అందుబాటులో లేదని రిజిస్ట్రారు దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, పుట్టుక తెలిసిన తల్లిదండ్రులు లేదా దగ్గరి పెద్దలు ఇచ్చిన అఫిడవిట్లు, టెన్త్ మెమో జతచేస్తారు. ఆలస్యపు నమోదుకు 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం దారి చూపింది. 2023లో దానికి చేసిన సవరణ తర్వాత ఏడాది దాటిన నమోదుకు కలెక్టరు లేదా ఆర్డీవో స్థాయి ఉత్తర్వు కావాలి. అయితే వీసా కోసం నిన్నగాక మొన్న నమోదు చేయించిన పత్రాన్ని అధికారులు ఒంటరిగా నమ్మరు. దాని పక్కన పాత బడి రికార్డు ఉండాలి.

ఇద్దరిలో ఎవరికైనా ముందు పెళ్లయి విడిపోయి ఉంటే, అది ముగిసిందనడానికి కోర్టు డిక్రీ కావాలి. పెద్దమనుషుల సమక్షంలో స్టాంపు కాగితం మీద రాసుకున్న విడాకుల మీద ఆధారపడి దరఖాస్తు వేయడం పెద్ద సాహసం. మొదటి పెళ్లి చట్టపరంగా ముగియలేదని తేలితే రెండో పెళ్లే చెల్లదు, దరఖాస్తు అక్కడే ఆగిపోతుంది.

ఇక అన్నిటికంటే కీలకమైనది, ఇది నిజమైన పెళ్లేనని చూపడం. కాగితం కోసం చేసుకునే పెళ్లిళ్లను అడ్డుకోవడానికి అమెరికా 1986లో ప్రత్యేక చట్టమే చేసింది. పెద్దలు కుదిర్చిన పెళ్లి, పెళ్లిచూపుల తర్వాత నెలకే ముహూర్తం, పెళ్లయిన పదో రోజున వరుడి తిరుగు ప్రయాణం: తెలుగు కుటుంబాల్లో ఇదంతా సహజం. అక్కడి అధికారి కూడా కుదిర్చిన పెళ్లిని తప్పు పట్టడు, ఈ సంప్రదాయం వారికి కొత్త కాదు. కాకపోతే పెళ్లికి ముందు పరిచయం తక్కువ కనుక, పెళ్లి తర్వాత నడిచిన కాపురాన్ని ఎక్కువగా చూపవలసి వస్తుంది.

ఇక్కడ ఫిల్మ్‌నగర్, జూబ్లీహిల్స్ ప్రాంతపు పెళ్లిళ్లకు ఒక హెచ్చరిక అవసరం. సినిమా కెమెరాలు, లైట్లు, డ్రోన్లు అందుబాటులో ఉన్న ఈ చోట పెళ్లి చిత్రీకరణ సినిమా స్థాయిలోనే సాగుతుంది. ప్రీవెడ్డింగ్ షూట్‌లో ఇద్దరూ తప్ప ఇంకెవరూ కనిపించరు, ప్రతి ఫొటో రంగులు సరిదిద్దినదే. వలస శాఖ దృష్టిలో అలాంటి ఆల్బం విలువ చాలా తక్కువ. తాళి కడుతున్నప్పుడు రెండు వైపుల తల్లిదండ్రులు కనిపించే ఫొటో, తలంబ్రాల దగ్గర అన్నదమ్ములు, మేనమామలు నిలబడిన ఫొటో, వ్రతం నాడు అత్తగారింట్లో తీసినది, ఆషాఢంలో పుట్టింటికి వచ్చినప్పటిది, ఆ తర్వాత సంక్రాంతికి అల్లుడు వచ్చినప్పుడు ఫోనులో తీసినది, ఇలా కాలక్రమం తెలిసేలా పది పదిహేను ఫొటోలు ఎంచి, ప్రతి దాని కింద తేదీ, చోటు, ఉన్నవారి పేరు, వరస రాస్తే, పెళ్లికి రెండు కుటుంబాలూ సాక్షులని చూడగానే తెలుస్తుంది. మూడు వందల ఫొటోలు పంపితే వాటిలో అసలైనవి మునిగిపోతాయి.

ఫొటోల తర్వాతి స్థానం మామూలు కాగితాలది. భర్త వచ్చిపోయిన విమాన టికెట్లు, పాస్‌పోర్టు ముద్రలు, ఇద్దరి పేరు మీద ఉన్న బ్యాంకు ఖాతా, బీమా పాలసీలో నామినీగా భార్య పేరు, అమెరికా పన్ను రిటర్నులో వివాహితుడిగా చూపుకోవడం, అద్దె ఒప్పందంలో ఆమె పేరు, నెలనెలా పంపిన డబ్బు వివరాలు ఈ కోవలోకి వస్తాయి. వాట్సాప్ సంభాషణలు మొత్తం అచ్చు వేయనక్కర్లేదు. నెలకు ఒకటి రెండు పేజీల చొప్పున, రోజువారీ మాటలు ఉన్నవి చాలు. పెళ్లి ఖర్చు ఎవరు పెట్టారు, కట్నం ఎంత వంటి ప్రస్తావనలున్న సంభాషణలను జతచేసే ముందు ఆలోచించాలి. 1961 నుంచీ మన దేశంలో కట్నం నేరం.

భార్య వివరాలు చెప్పే ఐ-130ఏ అనే ఫారంలో గత అయిదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు రాయాలి. కెనడా ఇదే వివరాన్ని పదేళ్లకు అడుగుతుంది, మధ్యలో ఒక్క నెల ఖాళీ ఉన్నా ఒప్పుకోదు. సినిమా రంగంలో పనిచేసేవారికి ఇది కష్టమైన భాగం. ఎడిటింగ్, డబ్బింగ్, కాస్ట్యూమ్స్, దర్శకత్వ శాఖల్లో సినిమా సినిమాకూ యజమాని మారుతాడు, మధ్యలో పని లేని నెలలుంటాయి, నియామక పత్రం అన్న మాటే ఉండదు. అలాంటివారు స్వయం ఉపాధి అని రాసి, పనిచేసిన సినిమాల కాలక్రమం, యూనియన్ కార్డు, ఆదాయపు పన్ను రిటర్నులు, పారితోషికం జమ అయిన బ్యాంకు వివరాలు చూపాలి. పని లేని కాలాన్ని పని లేదనే రాయాలి. ఖాళీ నింపడానికి తెలిసినవారి కంపెనీ లెటరు తెచ్చుకోవడం లేని కష్టాన్ని కొనితెచ్చుకోవడమే. అబద్ధపు వివరం ఇచ్చినట్లు తేలితే అమెరికా ప్రవేశానికే శాశ్వత నిషేధం పడవచ్చు.

ఆర్థిక హామీ ఐ-864 అనే ఫారం మీద ఇవ్వాలి. భర్త ఆదాయం అక్కడి పేదరిక ప్రమాణంలో 125 శాతానికి తగ్గకూడదు. ఇద్దరున్న ఇంటికి 2025 లెక్క ప్రకారం ఇది ఏడాదికి సుమారు 26,400 డాలర్లు. చాలకపోతే అర్హత ఉన్న మరొకరు తోడు హామీదారుగా ఉండవచ్చు. ఇది భార్యను పోషిస్తానని ప్రభుత్వానికి రాసిచ్చే కట్టుబాటు. విడాకులతో ఇది రద్దు కాదు. ఆమె పౌరురాలయ్యేదాకా, లేదా దాదాపు పదేళ్ల పని లెక్క పూర్తయ్యేదాకా ఇది నిలుస్తుంది. అమ్మాయి తల్లిదండ్రులకు ఈ ఫారం సంగతి తప్పకుండా తెలిసి ఉండాలి.

ఐ-130 ఆమోదం పొందాక ఫైలు నేషనల్ వీసా సెంటరుకు వెళుతుంది. అక్కడ ఫీజులు కట్టి, డీఎస్-260 అనే దరఖాస్తు నింపి, కాగితాలు స్కాన్ చేసి ఎక్కించాలి. పదహారేళ్లు నిండినవారికి పోలీసు క్లియరెన్స్ కావాలి. భారతీయులకు దీన్ని పాస్‌పోర్టు ఆఫీసు ఇస్తుంది. అమెరికా కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలై, 2023 మార్చిలో షేక్‌పేటకు దగ్గర్లోనే ఉన్న నానక్‌రామ్‌గూడకు మారింది. అయినా భార్యాభర్తల వలస వీసా ఇంటర్వ్యూకు హైదరాబాద్‌వారు సాధారణంగా ముంబై వెళ్లాలి. కాన్సులేట్ గుర్తించిన వైద్యుల దగ్గరే ఆరోగ్య పరీక్ష, టీకాలు పూర్తిచేసుకోవాలి. ఇంటర్వ్యూలో సంబంధం ఎవరు తెచ్చారు, భర్త ఏ పని చేస్తాడు, అతని తోబుట్టువులెవరు, అక్కడ ఎవరితో ఉంటాడు వంటి మామూలు ప్రశ్నలే వస్తాయి. బట్టీ పట్టిన జవాబు కంటే తడుముకుంటూ చెప్పిన నిజం మేలు.

ఈ నిరీక్షణ భరించలేక, టూరిస్ట్ వీసా మీద వెళ్లిపోయి అక్కడే దరఖాస్తు వేయమని సలహా ఇచ్చేవారు ప్రతి వీధిలోనూ ఉంటారు. అక్కడే స్థిరపడాలన్న ఉద్దేశం దాచి సందర్శకురాలిగా ప్రవేశించడం మోసంగా పరిగణించే ప్రమాదం ఉంది. ఈ సలహా ఎవరిచ్చినా వినకూడదు.

మిగతా దేశాల పద్ధతులు వేరు. కెనడాలో భార్య కోసం స్పాన్సర్ చేసేవారు సాధారణంగా ఆదాయ పరిమితి చూపనక్కర్లేదు, కానీ మూడేళ్ల పోషణకు బాధ్యత రాసివ్వాలి. వరుడు లేకుండా ఫోనులోనో వీడియోలోనో జరిపిన పెళ్లిని 2015 నుంచి ఆ దేశం గుర్తించడం లేదు. ఆస్ట్రేలియా రెండు అంచెల్లో వీసా ఇస్తుంది. ఆర్థిక, గృహ, సామాజిక సంబంధాలను, ఒకరికొకరు కట్టుబడి ఉండటాన్ని నాలుగు భాగాలుగా పరిశీలిస్తుంది. ఫీజు 9 వేల ఆస్ట్రేలియన్ డాలర్లు దాటింది. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుంచి స్పాన్సర్ ఆదాయం ఏడాదికి 29,000 పౌండ్లు ఉండాలి, శాశ్వత నివాసానికి అయిదేళ్లు ఆగాలి. విదేశీయులు ఇక్కడివారిని పెళ్లాడి హైదరాబాద్‌లో ఉండాలనుకుంటే, పెళ్లి రిజిస్టరై రెండేళ్లు నిలిచాక ఓసీఐ కార్డుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

మళ్లీ అమెరికా విషయానికి వస్తే, అక్కడ దిగిన రోజుకు పెళ్లయి రెండేళ్లు నిండకపోతే భార్యకు రెండేళ్ల షరతుల గ్రీన్‌కార్డే ఇస్తారు. దాని గడువు తీరడానికి ముందున్న 90 రోజుల్లో దంపతులిద్దరూ కలిసి ఐ-751 వేసి షరతు తీయించుకోవాలి. కాపురం చెడినా, భర్త హింసించినా భార్య ఒంటరిగా ఆ దరఖాస్తు వేసుకోవడానికి చట్టం అవకాశమిచ్చింది. భర్త సంతకం చేయనన్నాడని వెనక్కి రావలసిన పని లేదు. ఎన్ఆర్ఐ పెళ్లిళ్లలో చిక్కుకున్న స్త్రీల ఫిర్యాదులు చూడటానికి జాతీయ మహిళా కమిషన్‌లో ప్రత్యేక విభాగం పనిచేస్తోంది. అమ్మాయి విమానం ఎక్కేలోగా పెళ్లి సర్టిఫికెట్, ఐ-130, ఐ-864, పాస్‌పోర్టు, వీసా పేజీల నకళ్లు ఒక జత ఆమె చేతిలో, ఒక జత పుట్టింట్లో ఉండేలా తల్లిదండ్రులు చూసుకోవాలి.